బొమ్మా బొరుసూ: 'పాడు' అని రాసిన కవరు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ వాటిది ఒకటే గోడు: సేకరణ ఆగిపోయింది, ఇక ఏ దారి పట్టాలి? అందుకని మిగతా విషయాలను పక్కనపెట్టి వాటినే తీసుకున్నాను. తమ పేర్లు వేయవద్దని ఇద్దరు కోరారు. కొందరికి వేసి కొందరికి మానడం ఎందుకని అందరివీ తీసేశాను.

ప్రశ్న: ఇరవై రెండేళ్లుగా చారిత్రక నాణేలు సేకరిస్తున్నాను. రాజవంశాల వారీగా, రాజుల వరుస తప్పకుండా ఆల్బములు కట్టాను. ఇంకా మిగిలిన ఖాళీలు నాకు ఎప్పటికీ అందనివి, మ్యూజియం అద్దాల వెనుక ఉండేవి. ఆల్బము తెరిస్తే ఉన్నవాటికంటే లేనివే కళ్లకు కడుతున్నాయి. కొత్త అంశం ఏదైనా సూచిస్తారా?

జవాబు: సూచిస్తాను గానీ, ముందు మీ ఆల్బము గురించి ఒక మాట. ఆ రాజుల వరుస మీరు వేసుకున్నది కాదు, చరిత్ర పుస్తకం వేసిపెట్టినది. అందులో మనం హాజరుపట్టీ రాసే గుమాస్తాలం. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని టిక్కులు పెట్టడమే పని. నేనూ పదిహేనేళ్లు జీతం లేకుండా ఆ ఉద్యోగం చేశాను కాబట్టి నిష్ఠూరంగా అనుకోకండి.

నన్ను అందులోంచి బయటపడేసింది ఒక పాడైన నాణెం. స్పెయిన్ రాజు నాలుగో చార్లెస్ బొమ్మతో మెక్సికో టంకశాలలో కొట్టిన ఎనిమిది రియాల్ల వెండి నాణెం అది. వేరే వాటితో కలిసి వచ్చింది. రాజు చెంప నిండా గాట్లు. మంచిది దొరికాక దీన్ని వదిలించుకోవచ్చని విడిగా ఒక కవరులో పెట్టి, పైన ఎర్ర సిరాతో 'పాడు' అని రాశాను. నేను వృత్తిరీత్యా ప్రూఫులు దిద్దేవాణ్ణి. ముప్ఫై ఏళ్లు అచ్చుతప్పుల మీద బతికాను. తప్పు కనబడగానే ఎర్ర సిరా వెతకడం చేతికి అలవాటు.

ఒక రాత్రి నిద్రపట్టక ఆ కవరు తీశాను. బల్ల దీపాన్ని బాగా కిందికి వంచి, వెలుగు నాణెం మీద అడ్డంగా పడేట్టు పెట్టి చూస్తే, గాట్లు అనుకున్నవి గాట్లు కావు. చిన్న చిన్న చైనా అక్షరాలు. చెంప మీద రెండు, చెవి వెనుక ఒకటి, బొరుసు వైపు డాలు మీద మూడు. ఒక అక్షరం సగం మరొక అక్షరం కింద నలిగిపోయి ఉంది. అంటే ఏది ముందు పడిందో, ఏది తరువాత పడిందో కూడా తెలుస్తోంది. చైనాలో వెండిని పరీక్షించిన షరాబులు, వర్తకులు తమ పూచీకి గుర్తుగా కొట్టిన ముద్రలు అవి. 'ఈ వెండి నేను చూశాను, సరైనదే' అని ఒకరి తరువాత ఒకరు సంతకం పెట్టారన్నమాట. చెల్లని రూపాయికి గీతలెక్కువ అని సామెత. ఇక్కడ సామెత తిరగబడింది. ఎన్ని చేతుల్లో చెల్లితే అన్ని గాట్లు.

ఆ రాత్రి నాకు దొరికిన అంశం ఇది: టంకశాల గడప దాటిన తరువాత నాణెం మీద పడిన గుర్తులు. దీని కోసం కొత్తగా ఏమీ కొనలేదు. పదకొండు నాణేలు నా పెట్టెలోనే, 'రెండో రకం' అన్న అరలో, నా నిర్లక్ష్యం కింద పడి ఉన్నాయి.

ఈ దారిలో ఎంత దూరం వెళ్లవచ్చో చూడండి. 1797లో ఇంగ్లండులో వెండి నాణేలకు కరవు వచ్చింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన దగ్గరున్న స్పెయిన్ నాణేల మీద, సరిగ్గా ఆ రాజు మెడ దగ్గర, తమ రాజు మూడో జార్జి తలను అండాకారపు చిన్న ముద్రగా కొట్టి చలామణీలోకి వదిలింది. పెద్ద రాజు మెడ మీద చిన్న రాజు! జనం నవ్వుకున్నారు, దొంగలు పని మొదలుపెట్టారు. చివరికి 1804లో ముద్రను ఎనిమిది పలకలకు మార్చవలసి వచ్చింది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో గవర్నర్ మక్వారీది ఇంకో తెలివి. నలభై వేల స్పానిష్ డాలర్లు (ఆ ఎనిమిది రియాల్ల నాణేలకే ఇంకో పేరు) తెప్పిస్తే అవి ఓడలెక్కి మళ్లీ బయటికే పోతాయని భయపడి, ఒక్కొక్క దానికి నడిబొడ్డున చిల్లు కొట్టించాడు. బయటి చక్రం అయిదు షిల్లింగులు, ఊడిన బిళ్ల పదిహేను పెన్నీలు. చిల్లు పడిన నాణెం ఇంకెక్కడా చెల్లదు కాబట్టి అక్కడే ఉండిపోతుంది. 1813 అని తేదీ వేసిన ఆ పనికి కుదిరిన మనిషి ఎవరనుకున్నారు? దొంగ నాణేలు చేసి శిక్షపడి అక్కడికి వచ్చిన విలియం హెన్షాల్. పని తెలిసినవాడు కావాలి కదా!

మన వైపు చూస్తే ఈ అంశానికి తలమానికం జోగల్‌తంబి. నాసిక్ దగ్గర 1906లో బయటపడిన ఆ నిధిలో పదమూడు వేలకు పైగా వెండి నాణేలున్నాయి. అన్నీ పశ్చిమ భారతాన్ని ఏలిన క్షహరాట వంశపు రాజు నహపానుడివి. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేల మీద అతణ్ణి ఓడించిన గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. కరిగించి కొత్తగా పోయించుకోవచ్చు, అలా చేయలేదు. మ్యూజియంలో అలాంటి నాణెం ఒకదాని ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. నాలుగు వలయాల ఉజ్జయినీ చిహ్నం నహపానుడి ముఖం మీద కూర్చుంది. రెండు వలయాల సందులోంచి అతని ముక్కు, కన్ను బయటికి చూస్తున్నాయి. అంచున అరిగిన గ్రీకు అక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి. ఒక యుద్ధం ఫలితం అంతకంటే చిన్న చోట రాయడం ఎవరికీ సాధ్యం కాదు. పుదుక్కోట్టైలో 1898లో దొరికిన రోమన్ బంగారు నాణేలు 501. వాటిలో చాలావాటి మీద చక్రవర్తి తలకు అడ్డంగా ఉలి గాటు ఉంది. అవి మళ్లీ నాణేలుగా చెల్లకుండా చేసిన గాట్లని ఒక వాదన. వాటి మీద ఒక్క అక్షరమూ లేదు కాబట్టి నేను పందెం కాయను.

మీరు చేయవలసింది ఇది. ఒక సెలవురోజున ఆల్బములన్నీ ఖాళీ చేసి నాణేలను బల్ల మీద పరవండి. రాజుల వరుసను కావాలనే కలిపేయండి. ఆల్బములో పెట్టడానికి మీరు సిగ్గుపడినవి ముందు చూడండి: వంగినవి, కోసినవి, బొమ్మ పక్కకు జరిగినవి, రెండుసార్లు కొట్టినవి. ఒక్కొక్క దాని గురించి 'ఇది ఎవరిది' అని కాకుండా 'దీనికి ఏమి జరిగింది' అని చీటీ రాయండి. యాభై చీటీలు రాసేసరికి ఒకే మాట ఏడెనిమిది చీటీల్లో కనబడుతుంది. మీ అంశం అదే. అది నేను చెబితే మళ్లీ నా హాజరుపట్టీ మీరు రాసినట్టవుతుంది.

ప్రశ్న: నాకు జంతువుల బొమ్మలున్న నాణేలంటే ఇష్టం. మూడేళ్లలో నాలుగు వందలు పోగయ్యాయి. కానీ చూసినవాళ్లు 'బాగున్నాయి' అని పేజీలు తిప్పేస్తున్నారు. ఎక్కడ పొరపాటు?

జవాబు: నాలుగు వందల జంతువులను ఒకచోట చేర్చి, వాటిని ఒకదానితో ఒకటి మాట్లాడనివ్వకపోవడమే పొరపాటు. ఒక్క జంతువును ఉంచుకోండి. నన్నడిగితే ఏనుగు.

ఎందుకంటే ఏనుగు నడిచిన దారి నాణేల మీద పడింది. అలెగ్జాండర్ సేనాని సెల్యూకస్ చంద్రగుప్త మౌర్యుడితో సంధి చేసుకుని అయిదు వందల ఏనుగులు తీసుకుని వెళ్లాడు. క్రీ.పూ. 301లో ఇప్సస్ యుద్ధంలో అవి అతనికి అక్కరకు వచ్చాయి. తరువాత అతని నాణేల మీద ఎథీనా దేవత ఏనుగులు లాగే రథం మీద వస్తుంది. ఈజిప్టులో టాలెమీ తన నాణేల మీద చనిపోయిన అలెగ్జాండర్ తలకు ఏనుగు తల తోలును టోపీగా తొడిగాడు. బాక్ట్రియాను (ఇప్పటి ఆఫ్ఘనిస్తాన్ వైపు) ఏలిన గ్రీకు రాజు డెమెట్రియస్ ఆ టోపీని తన తలకే పెట్టుకున్నాడు. ఆ తరువాత అపోలోడోటస్ వచ్చేసరికి టోపీ పోయి నిండు ఏనుగే వచ్చింది. అతని నలుచదరపు వెండి నాణెం మీద ఒక వైపు ఏనుగు, చుట్టూ గ్రీకు రాత. రెండో వైపు మూపురమున్న ఎద్దు, చుట్టూ మన వాయవ్యాన వాడిన పాత లిపి ఖరోష్ఠి రాత. పశ్చిమాన జూలియస్ సీజర్ వెండి నాణెం మీద ఏనుగు కాలి కింద పాములాంటిది దేనినో తొక్కుతోంది. అది ఏమిటన్నది పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. ఇటు చివరన టిప్పు సుల్తాను రాగి నాణేల మీద ఏనుగు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరిగి ఉంటుంది.

ఈ ఏనుగులు ఎనిమిదో పదో ఒకే పేజీలో పెట్టి, ఒక్కొక్క దాని కింద రెండు ప్రశ్నలకు జవాబు రాయండి: ఏనుగు ఎవరిది, ఎవరిని భయపెట్టడానికి? పేజీ తిప్పేవాళ్లు ఆగకపోతే నాకు రాయండి. మిగిలిన వాటిలో వరాహాలను మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి. చాళుక్యుల పంది బొమ్మ నుంచి బంగారు నాణేనికి పేరుగా మారిన మాట అది. తెలుగువాడికి ఆ ఒక్క మాటే ఒక ఆల్బము.

ప్రశ్న: నా వయసు పన్నెండేళ్లు. మా పెదనాన్న కొన్ని పాత నాణేలు ఇచ్చారు. అందరూ దేశాల వారీగా పెట్టుకోమంటున్నారు. నాకు అలా ఇష్టం లేదు. ఇంకెలా పెట్టుకోవచ్చు?

జవాబు: ఇష్టం లేకపోవడం మంచి ఆరంభం, తల్లీ. నువ్వు అక్షరాల వారీగా పెట్టుకో. నీ నాణేలలో 1919 నాటి రెండణాల బిళ్ల ఉందేమో వెతుకు. నాలుగు పలకలుగా, మూలలు గుండ్రంగా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వెండికి కొరత వచ్చి రాగి, నికెల్ కలిపిన లోహంతో చేశారు. దాని విలువ ఇంగ్లీషుతో పాటు నాలుగు మన లిపులలో ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే అందులో తెలుగు దొరుకుతుంది. దొరికాక మిగతా మూడు ఏ లిపులో కనుక్కో.

తరువాత ఒకే నాణెం మీద రెండు లిపులు, మూడు లిపులు ఉన్నవి వెతుకు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వేసిన అర పగోడా (అర వరహా) వెండి నాణెం మీద ఒక వైపు గోపురం, ఇంగ్లీషు, పారశీకం. రెండో వైపు విష్ణువు, తమిళం, తెలుగు. నాలుగు భాషలవాళ్లకు ఒకే బిళ్లతో సమాధానం చెప్పాలనుకున్నారు. అక్షరాలు చిన్నవైపోయాయి గానీ ఎవరినీ వదల్లేదు. ఇలాంటి రెండు లిపుల నాణేలు చాలా పెద్ద సాయమే చేశాయి. ఖరోష్ఠి లిపిని చదవడం అందరూ మరిచిపోయాక, 1830లలో జేమ్స్ ప్రిన్సెప్ మొదలైనవాళ్లు గ్రీకు రాజుల నాణేలను ముందు పెట్టుకున్నారు. ఒక వైపు గ్రీకులో ఉన్న రాజు పేరే రెండో వైపు ఖరోష్ఠిలోనూ ఉంటుందని ఊహించి, ఒక్కొక్క అక్షరాన్నే విడదీశారు. నువ్వూ అలాగే చేసి చూడు. రాజు పేరు తెలిసిన నాణెం తీసుకుని, తెలియని లిపిలో ఆ పేరులోని 'ర' ఏదో పట్టుకో. పట్టుకుంటే ఉత్తరం రాయి.

ప్రశ్న: తేదీలున్న నాణేలను ఏడాదికొకటి చొప్పున కూర్చాను. విసుగొచ్చింది. తేదీలతో ఇంకేమైనా చేయవచ్చా?

జవాబు: చేయవచ్చు. అబద్ధం చెప్పే తేదీలను పోగుచేయండి. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన అంశం. ప్రూఫులు దిద్దినవాడికి తప్పుడు తేదీ మీద ఉండే మమకారం మీకు తెలియదు.

మొదటిది మరియా థెరీసా వెండి థాలర్. ఆమె 1780లో చనిపోయింది. నాణెం మీద తేదీ 1780 దగ్గరే ఆగిపోయింది గానీ కొట్టడం ఆగలేదు. ఎర్ర సముద్రం రెండు ఒడ్డుల మీద, ఇథియోపియాలో జనం ఆ ముఖాన్ని తప్ప ఇంకొకదాన్ని నమ్మలేదు. అందుకని వియన్నాతో పాటు లండన్, పారిస్, రోమ్, బొంబాయి టంకశాలలు కూడా అదే తేదీతో కొడుతూ పోయాయి. భుజం మీది బ్రోచిలో ముత్యాలు, బొరుసు వైపు డేగ తోక ఈకలు లెక్కపెట్టి ఏది ఎక్కడిదో తేల్చాలి. ఒకే తేదీ ఉన్న నాణేలతో ఆల్బము మొత్తం నింపవచ్చు. విసుగు అన్న మాట ఉండదు.

రెండోది మన దగ్గరిది. బెంగాల్లో కంపెనీ కొట్టిన రూపాయిల మీద మొగలు చక్రవర్తి షా ఆలం పాలనా సంవత్సరం 19 అనే ఉంటుంది. 1777 ప్రాంతంలో మొదలైన ఆ పంతొమ్మిదో ఏడు 1830ల దాకా నడిచింది! దీని వెనుక షరాబుల లెక్క ఉంది. ఆ రోజుల్లో కొత్త రూపాయి పూర్తి విలువకు చెల్లేది. ఏడాది దాటి కొత్త సంవత్సరం రూపాయి రాగానే పాతదాని మీద వెండి తగ్గకపోయినా వట్టం కోసేవారు. నాణెం మీది సంవత్సరమే వాళ్లకు రాబడి. కంపెనీ సంవత్సరాన్ని మార్చడం మానేసింది. ఇక ఏది పాతదో ఏది కొత్తదో చెప్పడం ఎలా? బొమ్మా వద్దు, బొరుసూ వద్దు. నాణేన్ని నిలబెట్టి అంచు చూడండి. గాట్లు వాలుగా ఉంటే ముందుది, నిలువుగా ఉంటే తరువాతది, అంచు నున్నగా ఉంటే చివరిది. ముఖం ఒకే అబద్ధం చెబుతూ ఉంటే అంచు నిజం చెబుతుంది.

మూడోది నా పరువు తీసినది. టిప్పు నాణెం ఒకటి చూసి, తేదీ అచ్చు తప్పని ఒక మిత్రుడికి పెద్ద వ్యాసమే రాసి పంపాను. 1215 ఉండవలసిన చోట అంకెలు తిరగబడి 5121 అన్నట్టున్నాయి. అది తప్పు కాదు. టిప్పు 1787 నుంచి తన మౌలూదీ శకం తేదీలను కుడి నుంచి ఎడమకు రాయించాడు. మిత్రుడు ఆ వ్యాసాన్ని జాగ్రత్తగా దాచి, నేను ఎవరినైనా దిద్దబోయినప్పుడల్లా బయటికి తీస్తాడు.

ప్రశ్న: నకిలీ నాణేలను సేకరించడం తప్పా?

జవాబు: నిన్నమొన్న చేసినవి అసలువని చెప్పి అమ్మేవాటి జోలికి వెళ్లకండి. పాతకాలపు అనుకరణలు వేరు, అవి చరిత్రే. వెనిస్ బంగారు డ్యూకట్ 1284 నుంచి 1797 దాకా ఒకే రూపంలో వచ్చింది. మోకరిల్లిన పాలకుడికి మార్కు మహర్షి జెండా అందిస్తాడు, బొరుసు వైపు నక్షత్రాల మధ్య క్రీస్తు ఉంటాడు. అది ఎంత చెల్లిందంటే తూర్పుదేశాలలో దాన్ని చూసి చూసి చెక్కారు. చెక్కినవాళ్లకు లాటిన్ రాదు. తరం మారేకొద్దీ అక్షరాలు గీతలయ్యాయి, గీతలు చుక్కలయ్యాయి, మహర్షి కర్ర పట్టుకున్న ముసలాయన అయ్యాడు. అచ్చుతప్పు పుట్టి పెరగడాన్ని అంత స్పష్టంగా నేను ఏ ప్రెస్సులోనూ చూడలేదు. ఇంగ్లండులో మెర్సియా రాజు ఆఫా బంగారు దీనారు ఇంకా విచిత్రం. అబ్బాసిద్ ఖలీఫా నాణేన్ని హిజ్రీ 157 తేదీతో సహా దించేసి, అరబ్బీ పంక్తుల నడుమ తన పేరు లాటిన్‌లో పెట్టించాడు. అరబ్బీని నిలబెట్టి పట్టుకుంటే ఆఫా తలకిందులవుతాడు. ఎర్ర సిరా ఉన్నా ఎక్కడ పెట్టాలో తోచదు.

ప్రశ్న: లోహాన్ని అంశంగా తీసుకుంటే ఎలా ఉంటుంది?

జవాబు: ఓపిక ఉంటే బాగుంటుంది. రోమన్ వెండి ఎలా పలచబడిందో ఒక వరుసగా పెట్టండి: అగస్టస్ దెనారియస్ దాదాపు శుద్ధ వెండి, నీరో క్రీ.శ. 64 ప్రాంతంలో తగ్గించాడు, గాలియెనస్ పాలన ముగిసేసరికి పైపూత తప్ప వెండి లేదు. వరుసగా చూస్తే తెలుపు నుంచి బూడిదరంగుకు, అక్కడి నుంచి గోధుమరంగుకు దిగుతుంది. దగ్గర కాలంలో కావాలంటే యుద్ధాల లోహాలు పట్టుకోండి. 1943లో అమెరికా రాగిని తుపాకీ గుళ్లకు మిగిల్చి ఉక్కు సెంటు కొట్టింది. అదే ఏడు ఇక్కడ పైసాకు నడుమ చిల్లు పెట్టి లోహం ఆదా చేశారు. ఉక్కు సెంటుకు అయస్కాంతం అంటుకుంటుంది. పిల్లలకు చూపించండి, వదలరు.

ప్రశ్న: మసిబారిన వెండి నాణేలను మెరిపించి ఆల్బములో పెడితే కొత్తగా ఉంటుంది కదా?

జవాబు: వద్దు. నేను ఒకదాన్ని మెరుగుపొడితో రుద్దాను. అద్దంలా మెరిసింది. దాని మీది రాత మాత్రం ఇప్పుడు నా జ్ఞాపకంలోనే ఉంది.

ప్రశ్న: మా నాయనమ్మ గొలుసులోంచి వచ్చిన పాత వెండి నాణెం ఒకటుంది. పైన చిల్లు ఉంది. చిల్లుపడినది సేకరణకు పనికిరాదని అందరూ అంటున్నారు. తీసేయమంటారా?

జవాబు: నా 'పాడు' కవరు సంగతి పైన చదివి ఉంటారు. ఇక మీ నాణెం విషయం. చిల్లును పైకి పెట్టి పట్టుకోండి. బొమ్మ వైపు నిటారుగా ఉందా, బొరుసు వైపు రాత నిటారుగా ఉందా? చిల్లు కొట్టినవాళ్లు ఏ వైపు లోకానికి చూపించాలనుకున్నారో అది చెబుతుంది. రాజు తలకిందులై రాత నిలబడి ఉంటే, వాళ్లకు కావలసినది రాజు కాదు. తరువాత రెండు వైపులా అరుగుదల చూడండి. ఒంటికి తగిలిన వైపు ఒకలా నున్నబడుతుంది, బయటి వైపు మరొకలా గీతలు పడుతుంది. చిల్లు పై అంచు గొలుసు తీగ ఒరుసుకుని సాగి ఉంటే, ఎన్నేళ్లు మెడలో ఉందో అంచనాకు రావచ్చు. గొలుసు ఇంకా ఉంటే దాన్ని నాణెం నుంచి విడదీయకండి. ఎవరి మెడలో, ఎప్పుడు చూశారో ఇంట్లో గుర్తున్నవాళ్లను అడిగి ఇవాళే కాగితం మీద పెట్టండి. ఏ వైపు నిటారుగా ఉందో నాకు రాయండి. నా దగ్గర చిల్లు నాణేలు తొమ్మిది ఉన్నాయి, ఆరింటిలో రాజు తలకిందులే.